ఏరు దాటిన క్యాచర్

తొరిబియోని తిట్టకుండా నికనోర్ పెగేరో ఏ కబురూ మొదలుపెట్టడు. మోకాళ్ళ మీద గంటల తరబడి ఎలా కూర్చోవాలో, దుమ్ములో పడ్డ బంతిని ఛాతీతో ఎలా ఆపాలో, బ్యాట్ పట్టుకున్నవాడి పాదాలు చూసి వాడి మనసులో ఏముందో ఎలా పసిగట్టాలో, అన్నీ వాడికి నేర్పింది నికనోరే. రెండేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని, తన పాత గ్లౌజు కూడా ఇచ్చి మనిషిని చేశాడు. ఒక్క సైగ మాత్రం నేర్పలేదు. ఆ ఒక్కటీ వాడు దొంగచాటుగా చూసి నేర్చుకున్నాడు. నేర్చుకున్నవాడు ఊరుకున్నాడా? వరమిచ్చినవాడి నెత్తినే చెయ్యి పెట్టాడు.

బేస్‌బాల్‌లో క్యాచర్ అనేవాడు బ్యాట్ పట్టుకున్నవాడి వెనక గొంతుక్కూర్చుని, రెండు తొడల మధ్య చెయ్యి దాచి, బంతి విసిరే పిచ్చర్‌కి వేళ్ళు చూపిస్తాడు. ఒక వేలంటే తిన్నగా, వేగంగా రావాలి బంతి. రెండంటే వంపు తిరగాలి. సాంతా బ్రిహిదా జట్టులో ఇంకోటి కూడా ఉంది: బొటనవేలు బయటికి తీసి బ్యాట్ పట్టుకున్నవాడి వైపు విదిలిస్తే, వాడి తలకి. దీన్ని ఏ పెద్దమనిషీ నోరు తెరిచి చెప్పడు, పట్టేవాడూ విసిరేవాడూ అలాంటిది ఉందని మిగతా జట్టుకి కూడా తెలియనివ్వరు. మిగతా సైగలన్నీ ఆటకో రకంగా మార్చుకుంటారు గానీ దీన్ని మార్చరు. లేనిదాన్ని మారుద్దామని ఎవడు అంటాడు?

సాంతా బ్రిహిదా చక్కెర మిల్లు తరఫున ఆడిన ఎనిమిదేళ్ళలో నికనోర్ ఆ బొటనవేలు మూడుసార్లు విదిలించాడు. రెండుసార్లు అవతలివాళ్ళు వంగి తప్పించుకున్నారు. మూడోవాడు ఏటికి అటుపక్క గ్వానాబానో మిల్లు ఆటగాడు హెనారో. ఆ రోజు హెనారో అప్పటికే రెండు బంతుల్ని చెరుకుతోటలోకి కొట్టి, కొట్టిన ప్రతిసారీ నికనోర్ ముందు నుంచి పళ్ళు ఇకిలించుకుంటూ పోయాడు. మూడోసారి వచ్చి నిలబడగానే నికనోర్ వేలు కదిలింది. పిచ్చర్ ఉల్పియానో ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత తల ఊపాడు. బంతి ఎముకకి తగిలిన చప్పుడు కొబ్బరికాయ పగిలినట్టే ఉంది. హెనారో బతికాడు. ఎడమ కన్ను మాత్రం పోయింది.

గ్వానాబానో జనమంతా ఉల్పియానోని రాక్షసుడన్నారు. ఆ మాటలన్నీ ఉల్పియానోయే పడ్డాడు. "వేలు చూపించింది ఫలానావాడు" అని ఒక్క మాట కూడా అనలేదు. ఎలా అంటాడు? నికనోర్ కూతురు ఎర్సీలియాకి జ్ఞానస్నానం చేయించిన జ్ఞానతండ్రి అతను. పిల్ల తలమీద నీళ్ళు పడ్డ రోజు నుంచి ఇద్దరూ కొంపాద్రేలు. చిన్నప్పుడు ఒకే కూలీల బరాకులో ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకుని పెరిగినవాళ్ళు, ఆ రోజు నుంచి మీరంటే మీరు. కొంపాద్రే మీద చాడీ చెప్పినవాడి నాలుక కుళ్ళుతుందని వాళ్ళ ముసలమ్మలు అంటారు.

అలాంటి ఇంటి మనిషిని వదిలేసి, మూడేళ్ళ తర్వాత నికనోర్ ఏరు దాటాడు.

ఎందుకు దాటాడంటే, నేల కోసం. నికనోర్ తండ్రి నలభై ఏళ్ళు పరాయివాళ్ళ చెరుకు నరికి, చివరికి పరాయివాళ్ళ చెరుకులోనే కుప్పకూలి చచ్చిపోయాడు. నికనోర్‌ని మూడో తరగతిలో బడి మాన్పించి కత్తి చేతికిచ్చారు. పాదం కింద పిడికెడు సొంత మన్ను ఉండటం ఎలా ఉంటుందో ఆ వంశంలో ఎవడికీ తెలియదు. గ్వానాబానో మిల్లు పెద్ద డోన్ ఫ్రొయిలాన్‌కి ఈ సంగతి ఎవరు చేరవేశారో గానీ, ఒకనాడు జీపు పంపించి పిలిపించి సూటిగా అన్నాడు.

"నా జట్టుకి క్యాచర్‌గా రా. పదకొండేళ్ళుగా ఆ కప్పు మీ వైపే ఉండిపోయింది. అది తెచ్చి నా బల్ల మీద పెట్టు, ఏటి ఒడ్డు చెరుకునేల నీ పేర రాసేస్తా."

నికనోర్ వెళ్ళి ఆ నేలంతా నడిచాడు. ఆరేడు తరేయాలైతే ఒక ఎకరం. అక్కడ తరేయాలు నలభై దాటి ఉన్నాయి. మన్ను చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. ఇంక ఆ మనిషికి వేరే మాట చెవికెక్కుతుందా?

అతనికంటే ముందు ఏరు దాటినవాళ్ళు ముగ్గురున్నారు. ఒకడికి మోచెయ్యి విరిగింది, ఇప్పుడు పొట్లాలు కట్టుకుంటున్నాడు. ఒకడికి రెండు పక్కటెముకలు పోయాయి. మూడోవాడికి బంతి చెవి మీద తగిలింది. ఆ చెవిలో నేటికీ మిల్లు సైరన్ మోగుతూనే ఉంటుందంటాడు. ముగ్గురికీ తగిలింది వాళ్ళు వదిలొచ్చిన పాత జట్టు పిచ్చర్ చేతి బంతే. దాటిన మొదటి వారమంతా నికనోర్ పడుకోబోయే ముందు ఈ ముగ్గుర్నీ లెక్కపెట్టుకునేవాడు. నాలుగోవాడి అంకె దగ్గరికొచ్చేసరికి లేచి దీపం వెలిగించేవాడు.

అది చాలదన్నట్టు, గ్వానాబానో జట్టులో బ్యాట్ల సంచి మోసేది హెనారోయే. కన్ను పోయాక మిల్లువాళ్ళు ఆ పని ఇచ్చారు. వాడు నికనోర్ని చూడగానే ముఖం చాటేస్తాడనుకున్నారంతా. వాడు మాత్రం వచ్చి పక్కనే కూర్చున్నాడు.

"నీ మీద నాకేం కోపం లేదన్నా. నువ్వు పట్టేవాడివి. విసిరింది ఆ పశువు. వాడికి క్యాచర్ చెప్పినా వినబడదటగా?"

నికనోర్ బూట్ల తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

"బంతి వచ్చేటప్పుడు ఏం కనిపిస్తుందో తెలుసా? బంతి కనబడదు. ఒక చిన్న నల్ల చుక్క కనబడుతుంది. అది కదలదు. అలాగే నిలబడి పెద్దదవుతుంది. పక్కకి కదిలితే అవతలివైపుకో ఇవతలివైపుకో పోయేదని అర్థం. కదలకపోతే నీకే." హెనారో నవ్వాడు. "ఫైనల్‌లో నువ్వు చుక్కని చూడాల్సి వస్తే కదులుతోందో లేదో చూసుకో."

ఆ మాట తర్వాత నికనోర్‌కి ఏది చూసినా చుక్కే. గోడమీద ఈగ, కాఫీలో నలక, దూరంగా ఆకాశంలో గద్ద. అన్నం దగ్గర చెయ్యి ఆగిపోయేది. కసిల్దా గమనించింది. పెళ్ళాం కదా, గమనించకుండా ఉంటుందా?

"ఆట ఆదివారం. నీ కాళ్ళు బుధవారం నుంచే పరిగెడుతున్నాయి."

"నోర్ముయ్."

"నేను మూసుకుంటా. ఆ మైదానంలో మూడువేల నోళ్ళున్నాయి, వాటినెవడు మూస్తాడు?"

ఫైనల్ ఎవరితోనో వేరే చెప్పాలా? సాంతా బ్రిహిదాతోనే, సాంతా బ్రిహిదా మైదానంలోనే.

శనివారం మధ్యాహ్నం ఉల్పియానో తనే వచ్చాడు. చెరుకు బళ్ళ రైలు వంతెన మీద నడిచి, చేతిలో రెండు అనాసపళ్ళతో. గుమ్మంలో టోపీ తీశాడు. ఎర్సీలియా జ్ఞానతండ్రి దగ్గరికి పరిగెత్తి చేతులు జోడించింది.

"దీవించండి నాన్నా."

"దేవుడు చల్లగా చూడాలి తల్లీ. ఎంత ఎదిగిపోయావే! కొమాద్రే, మీ ఇంట్లో కాఫీ ఏటికి ఇవతల కూడా అదే వాసనొస్తోందే."

"గిన్నె అదే కదా కొంపాద్రే," అంది కసిల్దా. "మనుషులే మారారు."

కాఫీ తాగారు. వాన గురించి, మిల్లు గానుగ ఆగిపోవడం గురించి మాట్లాడుకున్నారు. నికనోర్‌కి మాత్రం కొంపాద్రే కుడిచెయ్యి తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. కప్పుని చుట్టుకున్న ఆ పొడుగాటి వేళ్ళు. ఆ వేళ్ళు ఏం చెయ్యగలవో లోకంలో తనకంటే బాగా తెలిసినవాడు లేడు. ఎనిమిదేళ్ళు వాటి ఎదురుగా కూర్చున్నాడు.

కసిల్దా కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళాక తెగించి అడిగేశాడు.

"రేపు నా తల సంగతేమిటి కొంపాద్రే?"

"మీ తలకేం? టోపీ బాగానే పడుతోందిగా."

"వేళాకోళం వద్దు. పిల్ల తలమీద పోసిన నీళ్ళ సాక్షిగా అడుగుతున్నా. వేస్తారా, వెయ్యరా?"

ఉల్పియానో నవ్వు ఆగిపోయింది. 

"ఆ నీళ్ళ పేరెత్తకుండా ఉండాల్సింది మీరు. ఎత్తారు. సరే, వినండి. రేపు నా చేతి నుంచి మీ ఒంటివైపు ఒక్క బంతి కూడా రాదు. అన్నీ మీ ముందు నేలలో ఉండే పలకకి అవతలి అంచునే, మీకు దూరంగా. పిల్ల తోడు."

"ఇప్పుడు నా చోట కూర్చునే తొరిబియో వేలు చూపిస్తే?"

"మీరు చూపిస్తే వేశాను." ఉల్పియానో లేచి టోపీ పెట్టుకున్నాడు. "ఆ పేరు మూడేళ్ళు నేనే మోశాను. ఆ వేలు ఎవరిదో మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఇంకేం కావాలి మీకు?"

అతను వెళ్ళిపోయాక కసిల్దా లోపలి గది గుమ్మంలోనే నిలబడి ఉంది. అంతా విన్నది. ఆ వేలు ఎవరిదో ఆమెకి తెలియడం కూడా అదే మొదటిసారి.  చెయ్యి తలుపు చట్రాన్ని గట్టిగా పట్టుకుని ఉంది.

"నీకు అర్థమైందా?" అంది. "ఆ మనిషి తన జట్టుకే ద్రోహం చేసి పోయాడు. బంతి ఎక్కడ పడుతుందో చెప్పి మరీ పోయాడు. ఒక్క అడుగు ముందుకేసి అవతలి అంచు కొట్టు. నేల మనది."

"మాట ఇచ్చేది నోరు. విసిరేది చెయ్యి."

"హెనారోకి నువ్వు చేసినట్టు నీకు అందరూ చేస్తారనుకుంటున్నావు. నీ జబ్బు అదే."

ఆదివారం రెండు గంటలకి ఆట. గ్వానాబానో లారీ మైదానంలోకి రాగానే డోళ్ళు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నికనోర్ కోసమే. తర్వాత ఒక్కసారిగా మొదలైంది.

"ఏరు దాటి తెప్ప తగలేసినవాడొచ్చాడ్రోయ్!"

"నికనోర్, ఎన్ని తరేయాలకి అమ్ముడుపోయావు? నీ గోతికి ఆరడుగులు చాలు కదరా!"

అతనికి ఎనిమిదేళ్ళు ఆదివారం పూట వేయించిన అరటికాయ ముక్కలు పంపిన ముసలావిడ తడికె దగ్గరికొచ్చి ఉమ్మేసింది. ఆ ఉమ్మికి భయం వెయ్యలేదు. ఉమ్మేసి ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది. దానికి వేసింది. చావబోయేవాణ్ణి చూసి వేసుకుంటారు అలా.

తను క్యాచర్‌గా కూర్చున్నంతసేపూ నికనోర్ బాగానే ఆడాడు. ముఖానికి ఇనప తొడుగు ఉంది, ఎదర రొమ్ముకి దట్టమైన కవచం ఉంది. బ్యాట్ పట్టుకోవాల్సి వచ్చినప్పుడే ప్రాణం పోయేది. తలమీద ఉత్త గుడ్డ టోపీ. మొదటిసారి వెళ్ళి నిలబడగానే వెనకనుంచి తొరిబియో గొంతు మెల్లగా వినిపించింది.

"దండాలు మాస్టారూ. మోకాళ్ళు వణుకుతున్నాయేం? చలా?"

ఉల్పియానో చెయ్యెత్తాడు. బంతి పలక అవతలి అంచు మీదుగా పోయింది. నికనోర్ ఎడమకాలు మాత్రం అప్పటికే వెనక్కి పోయింది. రెండో బంతీ అక్కడే. మూడోదీ అక్కడే. పలక మీదుగా పోయిన బంతిని కొట్టకుండా వదిలేసినా స్ట్రైకే; మూడు స్ట్రైకులు, అవుట్. రెండోసారీ అంతే. మూడోసారి ఒకటి తగిలించాడు గానీ, వెనక్కి పోతూ కొట్టిన దెబ్బకి బంతి అక్కడే లేచి తొరిబియో చేతిలోనే పడింది.

హెనారో నీళ్ళ కుండ దగ్గర పట్టుకున్నాడు. "అన్నా, వాడు నీకు ఒక్కటి కూడా లోపలికి వెయ్యడం లేదు. చూశావా? ఎందుకో మరి! ముందుకెళ్ళు."

తెలుసు. అన్నీ తెలుసు నికనోర్‌కి. కొంపాద్రే మాట నిలబెట్టుకుంటున్నాడని తెలుసు. తల ఒప్పుకుంటుంది. కాలు ఒప్పుకోదు. పైగా ప్రతి మంచి బంతికీ భయం తగ్గే బదులు పెరుగుతోంది. ఇవన్నీ దాచుకుంటున్నాడు, చివరి ఒక్కదాని కోసమే దాచుకుంటున్నాడు అనిపిస్తోంది. తనే క్యాచర్ అయితే అలాగే చేయించేవాడు. అవతలి అంచు చూపించి, చూపించి, నమ్మించి, అప్పుడు.

ఆఖరి ఇన్నింగ్స్ వచ్చింది. సాంతా బ్రిహిదాకి మూడు పరుగులు, గ్వానాబానోకి రెండు. గ్వానాబానోవాళ్ళు ఇద్దరు అవుట్, మూడోవాడు పోతే ఆట అయిపోయినట్టే. రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు. ఒక్క మంచి దెబ్బ పడితే ఇద్దరూ పరిగెత్తి వచ్చి పలక తొక్కుతారు, కప్పు ఏరు దాటుతుంది. వంతు నికనోర్‌ది.

డోన్ ఫ్రొయిలాన్ రేకుల పందిరి కింద కుర్చీలోంచి వేలితో పిలిచాడు. జేబు తట్టి చూపించాడు.

"కాగితం ఇక్కడే ఉంది. నీ పేరు టైపు కొట్టించా. సంతకం ఒక్కటే తక్కువ. వెళ్ళు."

నికనోర్ వెళ్ళి నిలబడ్డాడు. మొదటి బంతి అవతలి అంచు, స్ట్రైక్. రెండోది ఇంకా అవతలికి పోయింది. మూడోది అంచునే, బ్యాట్ ఊపాడు, గాలి తగిలింది. రెండు స్ట్రైకులు. ఇంకొక్కటే.

జనం అరుపులు ఏటి హోరులా కలిసిపోయాయి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఆ క్షణంలో నికనోర్ ఒక పాడుపని చేశాడు. బ్యాట్ పట్టుకున్నవాడు ఎన్నడూ చెయ్యకూడనిది. చేసినవాడి పక్కటెముకలు విరగ్గొట్టినా ఎవరూ తప్పుపట్టరు. అలాంటి పని. కంటికొసతో వెనక్కి, కిందికి, తొరిబియో తొడల మధ్యకి చూశాడు.

బొటనవేలు.

విదిలించింది కూడా తన పద్ధతిలోనే. మణికట్టు కదలకుండా, గోరు మాత్రం.

పై ప్రాణాలు పైనే పోయాయి. కళ్ళు ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. ఉల్పియానో వైపు చూడలేకపోయాడు. ఆ ముఖంలో సరే అన్న ఊపు చూడటం కంటే చావు నయం. కళ్ళు వాటంతటవే సొంత జట్టు బల్లవైపు వెళ్ళాయి. అక్కడ హెనారో నిలబడి, ఉన్న ఒక్క కన్నూ తన మీదే పెట్టి ఉన్నాడు. ఆ కన్నూ, దాని పక్కన కుట్లు పడి మూసుకుపోయిన గుంటా. నికనోర్ ఆ గుంటనే చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపని అడిగితే చెప్పలేడు.

తిరిగి చూసేసరికి ఉల్పియానో చెయ్యి పైకి లేచి ఉంది. వేళ్ళ చివర నల్ల చుక్క. కదలడం లేదు.

నికనోర్ బ్యాట్ విసిరేసి, రెండు చేతులూ తలకి చుట్టుకుని, బోర్లా నేలమీద పడ్డాడు. బంతి ఇంకా ఉల్పియానో వేళ్ళలోనే ఉంది.

తర్వాత ఏమీ తగల్లేదు. మెల్లగా, బద్ధకంగా, వంపు తిరుగుతూ వచ్చిన బంతి పలక అవతలి అంచు మీదుగా వెళ్ళి తొరిబియో గ్లౌజులో ముద్దలా పడిన చప్పుడు వినిపించింది. ఎర్సీలియా అయినా కొట్టగల బంతి అది.

"స్ట్రైక్ త్రీ!" అని అరిచాడు అంపైర్.

డోళ్ళు మోగాయి. జనం తడికెలు తోసుకుని లోపలికొచ్చారు. తొరిబియో వంగి, నికనోర్ చెవి దగ్గర నోరు పెట్టాడు.

"నేల దొరికిందా మాస్టారూ? ఎంత ఉంటుందేం, ఆరడుగులా?"

ఉల్పియానో ఆ గుంపునంతా తోసుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. గెలిచినవాడి ముఖం కాదు అది.

"రెండుసార్లు వేలు చూపించి అడిగాడు వాడు. రెండుసార్లూ తల అడ్డంగా ఊపాను. మైదానమంతా చూసింది. నా భార్య చూసింది, నీ భార్య చూసింది. నువ్వు ఒక్కడివే చూడలేదు." ఎర్సీలియా తలమీద నీళ్ళు పడ్డాక అతను నికనోర్ని నువ్వు అనడం అదే మొదలు. "నమ్మలేదు కదరా నన్ను."

టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

నికనోర్ ఎలాగో లేచి తన జట్టు బల్ల దగ్గరికి నడిచాడు. అక్కడ తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాడు. ఎవరూ తిట్టలేదు. హెనారో దుమ్ములోంచి బ్యాట్ ఏరుకొచ్చి, గుడ్డతో తుడుస్తున్నాడు.

"అన్నా, ఒక్క మాట అడుగుతా. బంతి వాడి చేతిలోంచి వదలకముందే పడిపోయావే. తలకే వస్తుందని ఎలా తెలిసింది?"

నికనోర్ వంగి మోకాళ్ళకి అంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"వెనక్కి చూశావు. వేలు చూశావు. నేనిక్కడి నుంచి చూశాను నువ్వు చూడటం." బ్యాట్‌ని సంచిలో పెట్టాడు. "ఆ వేలంటే తలకని నీకెవరు చెప్పారు? మాకెవరికీ తెలియదే. ఆ జట్టులో పట్టేవాడికీ విసిరేవాడికీ తప్ప ఎవరికీ తెలియనట్టుందే?"

బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా తలలెత్తారు. నికనోర్‌కి బంతి రాకముందు వేసిన భయం ఒక భయమే కాదని అప్పుడు తెలిసింది. ఆ చుక్క ఇప్పుడు వచ్చింది. కదలకుండా నిలబడి పెద్దదవుతోంది.

"ఆ రోజు అక్కడ కూర్చున్నది నువ్వే కదూ?" అన్నాడు హెనారో. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. సంచి మూతి తాడు లాగి ముడివేసి, భుజానికెత్తుకుని లారీ ఎక్కాడు. లారీలో నికనోర్‌కి చోటివ్వలేదు. అడిగే ధైర్యం అతనికీ లేదు.

రైలు వంతెన మీద నడిచి వెళ్ళాడు. ఇవతలి ఒడ్డున సాంతా బ్రిహిదావాళ్ళు పాత బూట్లు విసిరారు. అవతలి ఒడ్డున గ్వానాబానోవాళ్ళు రాళ్ళు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆట అవుతూనే ఇంటికి పరిగెత్తిన కసిల్దా పిల్లని ఎత్తుకుని, మూటలు కట్టుకుని, రైలు పట్టాల పక్కనే నిలబడి ఉంది. ఆ రోజే ఊరొదిలారు. ఇప్పుడు రేవు పట్నంలో బస్తాలు మోస్తాడు. పక్కన ఎవడైనా చెయ్యెత్తి టోపీ సర్దుకున్నా అతని మెడ లోపలికి పోతుంది. రేవులో పిల్లలకి అదొక ఆట అయిపోయింది.

అడిగితే చెప్తాడు, తొరిబియో నాశనం చేశాడని. ఉల్పియానో పేరు మాత్రం ఎత్తడు. ఎర్సీలియా తన జ్ఞానతండ్రి ఎక్కడున్నాడని అడిగితే లేచి బయటికెళ్ళిపోతాడు. నేల ఎంతని అడిగితే హద్దులతో సహా చెప్తాడు. పంపు షెడ్డు నుంచి రైలు పట్టా దాకా, ఏటి నీళ్ళు తగులుతూ, రెండో ఏడాది చెరుకు నరకడానికి సిద్ధంగా నిలబడి ఉండగానే పోయింది. నలభై ఎనిమిది తరేయాలు.